ప్రశాంతచంద్ర మహలనోబిస్: తాళం వేసిన ఇంటి లెక్క

ఎకరానికి దిగుబడి ఎంత, కూలిరేటు ఎంత, రైతు నెత్తిన అప్పు ఎంత అని ప్రభుత్వం చెప్పే అంకెలు ఎక్కడినుంచి వస్తాయి? ప్రతి చేనూ కొలిచి, ప్రతి గడపా ఎక్కి అడిగి తెచ్చినవి కావు. కొన్ని ఊళ్ళను, ఆ ఊళ్ళల్లో కొన్ని ఇళ్ళను చీట్లు తీసినట్టు ఏరుతారు. వాళ్ళు చెప్పినదాన్ని హెచ్చవేసి జిల్లాకి, రాష్ట్రానికి, దేశానికి లెక్క కడతారు. దీన్నే నమూనా సర్వే అంటారు. మన దేశంలో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున పొలాల్లోకి దించినవారు ప్రొఫెసర్ ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆయన పేరు చెప్పగానే రెండో పంచవర్ష ప్రణాళిక, భారీ పరిశ్రమలు గుర్తొస్తాయి. ఆ సంగతి చాలామంది రాశారు, వాదించుకున్నారు. మేం రాయబోయేది వేరే ముక్క. చీటీలో వచ్చిన ఇంటికి సర్వే మనిషి వెళ్ళేసరికి తాళం వేసి ఉంటే ఆ ఇంటి లెక్క ఏమవుతుంది? వ్యవసాయ కూలీలకి ఇది చిన్న ప్రశ్న కాదు. పల్లెల్లో తాళాలు ఎక్కువగా పడేది వాళ్ళ గుడిసెలకే.

మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. బ్రహ్మసమాజ కుటుంబం. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చదివి, 1913లో ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చేరారు. మన శ్రీనివాస రామానుజన్ కూడా అప్పుడు అక్కడే ఉన్నారు, ఇద్దరికీ స్నేహం కుదిరింది. చదువు ముగించి తిరుగుప్రయాణం కట్టేనాటికి మొదటి ప్రపంచయుద్ధం వల్ల ఓడ ఆలస్యమయింది. ఆ ఖాళీలో కాలేజీ గ్రంథాలయంలో ‘బయోమెట్రికా’ అనే పత్రిక కంటబడింది. జీవుల కొలతల మీద లెక్కలు వేసే పత్రిక అది. సంపుటాలన్నీ కొనుక్కుని ఓడలో చదువుకుంటూ వచ్చారు. వచ్చి ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం పంతులయ్యారు గానీ మనసంతా గణాంకాల మీదే. కాలేజీలో తన గదిలోనే చిన్న గణాంక ప్రయోగశాల మొదలుపెట్టారు. అదే పెరిగి 1931 డిసెంబరులో భారత గణాంక సంస్థ అయింది. మన తెలుగువాడు సి.ఆర్. రావు, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, 1941లో చేరింది ఆ సంస్థలోనే. ప్రపంచం మెచ్చిన గణాంకశాస్త్రి అయి 2023లో నూటరెండేళ్ళ వయసులో కన్నుమూశారు.

రైతుల జోలికి మహలనోబిస్‌ను తెచ్చింది వరదలు. 1922లో ఉత్తర బెంగాల్ మునిగింది. వరదనీటిని ఆపడానికి బోలెడు ఖర్చుపెట్టి నీటిగుంటలు కట్టాలని ఇంజనీర్లు చెప్పారు. ఆయన సుమారు యాభై ఏళ్ళ వానల లెక్క తీసి చూసి, గుంటల వల్ల లాభం లేదు, నీరు త్వరగా పోయే దారి చూడమన్నారు. 1926లో ఒరిస్సాలో వరదలొచ్చాయి. నది అడుగు పైకి లేచింది కాబట్టి కరకట్టలు ఎత్తు పెంచాలన్నారు. ఈసారి అరవై ఏళ్ళ లెక్క చూసి, అడుగు లేవలేదు, ఎగువన ఆనకట్ట కట్టి నీరు నిలపమన్నారు. తర్వాత మహానది మీద హీరాకుడ్ వచ్చింది. ఆ ఆనకట్టలో మునిగిన ఊళ్ళవాళ్ళ కథ విడిగా రాయవలసినది. ఇక్కడ చెప్పేదేమంటే, పెద్ద ఇంజనీరు కళ్ళతో చూసి చెప్పినా సరే, లెక్క చూడందే ఒప్పుకోని మనిషి ఆయన.

ఇక పంటల సంగతి. మద్రాసు రాజధానిలోని మన రైత్వారీ జిల్లాల్లో కరణం ఉండేవాడు, అడంగల్ ఉండేది. అందులో ఎంత నిజం, ఎంత కరణంగారి దయ అన్నది పక్కన పెడితే, రాసే మనిషంటూ ఒకడున్నాడు. బెంగాల్లో అదీ లేదు. కారన్‌వాలిస్ శాశ్వత శిస్తు కట్టిపెట్టాక సర్కారుకి రావలసింది జమీందారు దగ్గరినుంచి వచ్చేస్తుంది, చేలో ఏం పండిందో దానికెందుకు? జనపనార ఎన్ని ఎకరాల్లో వేశారని అడిగితే ఊరి చౌకీదారు అందాజుగా ఒక అంకె చెప్పేవాడు, అదే పైకి పోయేది. మిల్లుల యజమానులు, దళారులు ఆ అంకెల్ని పట్టుకుని ధర ఆడించేవాళ్ళు. దిగుబడి ఎక్కువని చెబితే ధర పడుతుంది, పండించినవాడు మునుగుతాడు. కాబట్టి నిజమైన అంకె అనేది రైతుకి తిండిగింజతో సమానం.

1937నుంచి ఐదేళ్ళపాటు మహలనోబిస్ ఆ జనపనార లెక్కమీద పడ్డారు. మొదట కొద్ది ప్రాంతంలో, ఏటేటా పెంచుకుంటూ, 1941కి బెంగాల్ రాష్ట్రమంతటికీ. సర్వే పటాల మీద అక్కడక్కడా చిన్న చిన్న గళ్ళు చీటీ తీసి ఏరడం, ఆ గడిలో ఉన్న ప్రతి మడీ కాలినడకన వెళ్ళి చూసి ఏ పంటో రాయడం పద్ధతి. గడి ఎంత ఉండాలి, ఎన్ని ఉండాలి, మనిషి నడకకి ఎంతసేపు పడుతుంది, ఖర్చెంత, ఇవన్నీ కొలిచారు. ప్రభుత్వం మరోవైపు మడిమడీ లెక్కపెట్టించింది, వేలాదిమందిని పెట్టి. తీరా వ్యాపారంలో కదిలిన సరుకు లెక్కతో పోల్చి చూస్తే, కొద్ది ఖర్చుతో చేసిన నమూనా లెక్కే దగ్గరగా ఉంది. మొత్తం లెక్కపెట్టినది తక్కువ చూపించింది. అన్నీ లెక్కపెట్టామన్నంత మాత్రాన నిజం కాదు, లెక్కపెట్టినవాడు వెళ్ళాడో లేదో చూడాలి అన్నది అక్కడే తేలింది.

సర్వే గుమాస్తా చెట్టుకింద కూచుని ఫారాలు నింపేస్తే? మహలనోబిస్‌కి ఈ అనుమానం ఎప్పుడూ ఉండేది. దీనికి ఆయన కనిపెట్టిన మందు చాలా తేలిక. ఒకే ప్రాంతంలో ఒకటికి బదులు రెండు నమూనాలు తీయాలి. రెండూ ఒకే మాదిరి చీటీలే, కానీ వేర్వేరు జట్లు వెళ్ళాలి, ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. చివర్లో రెండు అంచనాలూ పక్కపక్కన పెట్టాలి. దగ్గర దగ్గరగా వస్తే సరే. దూరంగా ఉంటే ఎక్కడో తప్పుందని లెక్క తనంతట తానే చెప్పేస్తుంది. ఇద్దరు కూలీలకి రెండు వైపులనుంచి ఒకే గట్టు కొలవమని ఇస్తే ఎలాగో అలాగన్నమాట. తన సర్వేలో తప్పు ఎంత ఉందో ఆ సర్వేచేతే చెప్పించడం అంతకుముందు ఎవరూ ఇంత పట్టుదలగా చేయలేదు.

పంటకోత ప్రయోగాల్లో మాత్రం ఆయనకి గట్టి ప్రత్యర్థి తగిలారు. చేలో చిన్న చిన్న వృత్తాలు గీసి అంతమేర కోసి తూచడం మహలనోబిస్ పద్ధతి. చిన్న గీతలో అంచుమీది మొక్కల్ని లోపలికి కలుపుకుంటారు, దిగుబడి ఎక్కువ కనిపిస్తుంది, పెద్ద మడి కోయాలి అని పి.వి. సుఖాత్మే 1946లో వాదించారు. ఈ విషయంలో మాకు సుఖాత్మే మాటే నచ్చుతుంది. ఇప్పుడు మన దగ్గర వరికి ఐదు మీటర్ల చదరం కోస్తున్నారు, పంటల బీమా వచ్చేదీ రానిదీ ఆ చదరంలోనే తేలుతోంది.

1943లో బెంగాల్ కరువు వచ్చింది. తిండి లేక, రోగాలు పట్టి జనం చచ్చిపోయారు. ఎంతమంది? చావులు రాసేది మళ్ళీ చౌకీదారే. చాలాచోట్ల చౌకీదార్లే చచ్చిపోయారు, లేదా ఊరొదిలిపోయారు. రాసేవాడు పోయిన ఊళ్ళో చావులు తక్కువ కనిపిస్తాయి, అంటే కరువు ఎక్కడ బాగా కొట్టిందో అక్కడే కాగితం తెల్లగా ఉంది. కరువు విచారణ కమిషన్ నమోదైన చావుల్ని కొంత పెంచి 15 లక్షలని తేల్చింది. కలకత్తా విశ్వవిద్యాలయం మానవశాస్త్ర విభాగంవాళ్ళు కొన్ని ఊళ్ళలో కుటుంబాల్ని అడిగి, దాన్ని హెచ్చవేసి 35 లక్షలన్నారు. మీరు తిరిగింది బాగా దెబ్బతిన్న ఊళ్ళల్లోనే గదా, దాన్ని రాష్ట్రానికంతటికీ ఎలా హెచ్చవేస్తారని ఆక్షేపణ వచ్చింది. తర్వాత పరిశోధకులు చాలామంది 30 లక్షల దరిదాపుల్లో చెబుతున్నారు. తక్కువ చెప్పినవాళ్ళూ ఎక్కువ చెప్పినవాళ్ళూ చేసింది ఒకటే పని: దొరికిన దాన్ని బట్టి దొరకని దాన్ని ఊహించడం. ఊహ దేనిమీద నిలబడిందన్నదే అసలు ప్రశ్న.

మహలనోబిస్, రామకృష్ణ ముఖర్జీ, అంబికా ఘోష్ కలిసి 1944-45లో నమూనా సర్వే చేసి, 1946లో అచ్చువేశారు. నాలుగువందల లోపు గ్రామాలు, పదిహేనువేలకు పైగా కుటుంబాలు. ఒక్క ఏడాదిలో సుమారు 16 లక్షల కుటుంబాలు వరిభూమిని అమ్ముకోవడమో తాకట్టు పెట్టడమో చేశాయని, వాటిలో రెండున్నర లక్షలకు పైగా కుటుంబాలకి సెంటు భూమి మిగల్లేదని తేలింది. వ్యవసాయ కూలీలు, జాలర్లు, వడ్లు దంచి బతికేవాళ్ళు అందరికంటే ఎక్కువ చితికిపోయారని తేలింది. ఆ కరువు ఎవరి కరువో అంకెల్లో చెప్పిన కాగితం అది. దాన్ని మేం ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ ఒక మాట అనక తప్పదు. కుటుంబాన్ని అడగాలంటే కుటుంబం ఉండాలి. ఇంటిల్లిపాదీ పోయిన ఇంట్లో జవాబు చెప్పేదెవరు? కలకత్తా పేవ్‌మెంట్ల మీదికి పోయి తిరిగిరాని కుటుంబం తరఫున ఊళ్ళో ఎవరు మాట్లాడతారు? ఏ ఎత్తున హెచ్చవేసినా ఉన్నవాళ్ళ జవాబుల్లోంచి పోయినవాళ్ళు రారు.

స్వాతంత్ర్యం తర్వాత 1949లో మహలనోబిస్ కేంద్ర మంత్రివర్గానికి గౌరవ గణాంక సలహాదారయ్యారు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలయింది. మొదటి విడత 1950 అక్టోబరునుంచి 1951 మార్చిదాకా, రెండువేల లోపు గ్రామాల్లో. జనం ఏం తింటున్నారు, ఏం కొంటున్నారు, ఎంత భూమి ఉంది, ఎన్నిరోజులు పని దొరికింది అని ఇంత పెద్ద పేద దేశం తన ఇళ్ళలోకి తొంగిచూసుకోవడం అప్పటికి కొత్త. చాలా దేశాలవాళ్ళు వచ్చి చూసి నేర్చుకుపోయారు. రెండు జట్ల పద్ధతి ఆ సర్వేలోకీ వెళ్ళింది. కేంద్రం ఒక నమూనా చేస్తే, రాష్ట్రాలు దానికి జోడీగా మరొకటి చేసే ఏర్పాటు కూడా వచ్చింది.

ఇప్పుడు తాళం వేసిన ఇంటి దగ్గరికి వద్దాం. ఒక ఊళ్ళో 300 ఇళ్ళున్నాయనుకోండి. 20 ఇళ్ళు ఏరారు. అంటే ఒక్కో ఇల్లు 15 ఇళ్ళ తరఫున మాట్లాడుతుంది. ఈ 15ని గుణకం అంటారు. తీరా వెళ్తే 15 ఇళ్ళలోనే మనుషులు దొరికారు, ఐదింటికి తాళం. అప్పుడు గుణకాన్ని 15నుంచి 20కి పెంచుతారు. పదిహేను ఇరవైలు మూడొందలు, లెక్క సరిపోయింది. కాగితం మీద తాళాలు కనబడవు. ఇలా చేయడంలో ఒక ఒప్పుకోలు దాగి ఉంది: తాళం వేసినవాళ్ళూ దొరికినవాళ్ళలాంటి వాళ్ళే అని. నిజంగానే అలాంటివాళ్ళయితే ఏ ఇబ్బందీ లేదు. కాకపోతే?

ఆ ఊళ్ళోనే 180 ఇళ్ళు భూమి ఉన్నవాళ్ళవి, 120 కూలీలవి అనుకుందాం. ఏరిన ఇరవైలో 12 రైతుల ఇళ్ళు, 8 కూలీల ఇళ్ళు. రైతుల్లో 11 ఇళ్ళు దొరికాయి, కూలీల్లో నాలుగే దొరికాయి. రైతింటి నెలఖర్చు 12,000, కూలింటిది 6,000 అని రాసుకొచ్చారు. దొరికిన పదిహేనింటినీ కలిపి సగటు కడితే 10,400. కానీ రైతుల్ని రైతులతో, కూలీల్ని కూలీలతో సరిచేసి, 180కి 12,000, 120కి 6,000 చొప్పున కడితే సగటు 9,600. ఒక్క ఊళ్ళో ఇంటికి 800 తేడా, తాళాలు ఎవరి ఇళ్ళకి పడ్డాయో చూడకపోయినందుకు. తరగతులవారీగా సరిచేయడం మంచిదే, తప్పక చేయాలి. అయినా అక్కడితో అయిపోలేదు. దొరికిన నలుగురు కూలీలూ ఊళ్ళో పని దొరికి ఆగినవాళ్ళు. తాళం వేసిపోయిన నలుగురూ పని దొరక్క పోయినవాళ్ళు. వాళ్ళ ఖర్చు 6,000 కాదు, 4,500 అనుకుంటే ఊరి సగటు 9,300కి దిగుతుంది. ఈ చివరి 300 ఏ గుణకమూ పట్టుకోలేదు. వెళ్ళి అడిగితేనే తెలుస్తుంది.

ఈ చిక్కు మన దేశానిదే కాదు. అమెరికా సెన్సస్ బ్యూరోలో పనిచేసిన హాన్సెన్, హర్విట్జ్ అనే ఇద్దరు 1946లో ఒక దారి చెప్పారు. వందమందికి ఉత్తరాలు రాస్తే నలభైమంది జవాబిచ్చారనుకోండి. మిగిలిన అరవైని వదలొద్దు, అందరి వెంటా పడొద్దు. అరవైలో ఇరవైమందిని చీటీ తీసి, మనిషిని పంపి, ఎంత కష్టమైనా పట్టుకుని అడగండి. ఆ ఇరవైమందిలో ఒక్కొక్కరి జవాబూ ముగ్గురి జవాబుగా కట్టండి. మొండిచేయి చూపినవాళ్ళ తరఫున మాట్లాడేది మొండిచేయి చూపినవాళ్ళే గానీ, సులువుగా దొరికినవాళ్ళు కాదు. మాకు ఈ పద్ధతి న్యాయంగా తోస్తుంది. 1949లో పోలిట్జ్, సిమన్స్ అనేవాళ్ళు మరో ఉపాయం చెప్పారు. దొరికిన మనిషిని, గడిచిన ఐదు సాయంత్రాలూ ఈ వేళకి ఇంట్లో ఉన్నావా అని అడగాలి. రోజూ ఉన్నవాడైతే ఒక్కడిగా లెక్క. ఇవాళ తప్ప ఏ రోజూ లేనివాడైతే ఆరుగురిగా లెక్క, ఎందుకంటే అలాంటివాళ్ళు ఆరుగురిలో ఐదుగురు మనకి దొరకలేదన్నమాట. తిరిగి తిరిగి వెళ్ళే ఖర్చు తప్పుతుంది. కానీ ఆరురోజులూ లేనివాడు ఈ వలలోనూ పడడు.

ఆరునెలలు లేనివాడి మాట చెప్పనే అక్కర్లేదు. పశ్చిమ కర్నూలు పల్లెల్లో దసరా దాటాక బయల్దేరి మిరపకోతలకి గుంటూరు వైపు పోతారు. పాలమూరు మట్టిపనివాళ్ళు బొంబాయికీ పూనాకీ పోవడం తరాలనుంచి ఉంది. శ్రీకాకుళంవాళ్ళు మద్రాసు, హైదరాబాదు కట్టడాలకి పోతారు. కూలిరేట్ల ఉద్యమం కోసం మేం ఆ పేటల్లో తిరిగేటప్పుడు ఒక వరసలో ఇరవై గుడిసెలుంటే ముసలివాళ్ళు కూచున్న మూడు నాలుగు తప్ప అన్నీ మూసి ఉండేవి. ఒక అవ్వని, వీళ్ళంతా ఎప్పుడొస్తారు అని అడిగితే ఉగాదికి అంది. సర్వేవాళ్ళు ఎప్పుడైనా వచ్చారా అంటే, వచ్చారు, పెద్దవీధిలో రాసుకుని పోయారు అంది. పెద్దవీధిలో జనం ఎప్పుడూ దొరుకుతారు మరి.

జాతీయ సర్వేలో దీనికి కొన్ని కట్టుబాట్లు లేకపోలేదు. ఏడాదిని మూడేసి నెలల ఉపవిడతలుగా విడగొట్టి ఊళ్ళను పంచుతారు, అన్ని కార్తెలూ లెక్కలోకి రావాలని. ఏరిన ఇంట్లో ఎవరూ దొరక్కపోతే బదులు ఇల్లు తీసుకునే పద్ధతి ఉంది, అదీ వీలుకాకపోతే ఆ ఇంటిని తీసేసి, దొరికిన ఇళ్ళమీదే గుణకం కడతారు. కొన్ని సర్వేల్లో ఇళ్ళను ముందే భూమినిబట్టో ఖర్చునిబట్టో వర్గాలుగా విడగొడతారు, బదులు కూడా ఆ వర్గంలోనే చూస్తారు. ఇది పైన చెప్పిన రైతుకి రైతు, కూలీకి కూలీ పద్ధతే. 2007-08 సర్వేలో ఆరునెలల లోపు వలసపోయి వచ్చేవాళ్ళను ప్రత్యేకంగా అడిగారు. మంచి ప్రశ్నే. కానీ కుటుంబమంతా పోయిన ఇంట్లో ఆ ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్ళు లేరు.

మహలనోబిస్ పద్ధతికీ ఇక్కడే హద్దుంది. రెండు జట్లూ వేరువేరు తప్పులు చేస్తే ఆయన జంట నమూనా పట్టేస్తుంది. రెండు జట్లూ ఒకే తాళం చూసి ఒకే మాదిరిగా వెనక్కి తిరిగితే రెండు అంచనాలూ చక్కగా కలుస్తాయి, రెండూ కలిసే తప్పుతాయి. కౌలు సంగతీ అంతే. కౌలుదారు భూస్వామికి భయపడి కౌలు లేదంటాడు, ఏ జట్టుకైనా అదే చెబుతాడు. తాళం నోటికీ ఉంటుంది. దీనికి లెక్కల్లో మందు లేదు. పట్టా భయం లేకుండా, ఊళ్ళో నిలబడి మాట్లాడగల కౌలుదారు ఉన్నప్పుడే ఆ గడి నిజంగా నిండుతుంది. ఆ పని గణాంక సంస్థది కాదు, మనది.

ఆయన చివరి సంవత్సరాల గురించి కొద్దిగా. 1945లో ఇంగ్లండు రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. ప్రణాళికలో లాభం ఎవరి జేబులోకి పోయిందో చూడమని 1960లో ప్రభుత్వం వేసిన సంఘానికి ఆయనే అధ్యక్షుడు. 1964లో వచ్చిన ఆ నివేదిక, ఆర్థికశక్తి కొద్దిమంది చేతుల్లో పోగుపడుతోందని చూపించింది. సొంత ప్రణాళిక ఫలితాన్ని తానే లెక్కకట్టి చూపించిన పెద్దమనిషి అరుదు. ఆయన కమ్యూనిస్టు కాదు, సోవియట్ శాస్త్రజ్ఞులతోనూ అమెరికావాళ్ళతోనూ సమానంగా స్నేహం చేశారు. మనుషులతో పెత్తనంగా ఉండేవారని సంస్థలో గొడవలు కూడా జరిగాయి. 1968లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1972 జూన్ 28న, మర్నాడు డెబ్భైతొమ్మిది నిండుతాయనగా, కలకత్తాలో చనిపోయారు. 2007నుంచి ఆయన పుట్టినరోజును గణాంక దినంగా జరుపుతున్నారు.

2021లో జరగవలసిన జనగణన ఆ ఏట జరగలేదు. పాత జనగణన జాబితాల మీదే సర్వేలు ఏళ్ళతరబడి నడిచాయి. ఊళ్ళు మారాయి, పేటలు పెరిగాయి, గుణకాల భారం ఎక్కువయింది. ఇలాంటప్పుడు మన సంఘాలు సర్వే నివేదిక రాగానే చివరి సగటు ఒక్కటే చూసి మెచ్చుకోవడమో తిట్టడమో చేస్తే చాలదు. సర్వే ఫారంలోనే ఒక గడి ఉంది. ఏరిన ఇంటికి బదులు ఇల్లు ఎందుకు తీసుకున్నారో దాంట్లో అంకె వేయాలి. ఇంటివాళ్ళు తీరికలేక అయితే 1, ఊళ్ళో లేక అయితే 2, సహకరించక అయితే 3, మరేదైనా అయితే 9. ఏ జిల్లాలో, ఏ మూడునెలల్లో, ఎన్ని రెండ్లు పడ్డాయో, వాటికి బదులు ఎవరి ఇళ్ళకి వెళ్ళారో ప్రభుత్వం సగటుతోపాటు అచ్చువేయాలి. అడిగి తీసుకోవలసింది ఆ పట్టిక.